రాళ్ళు మాకిచ్చారు, తిత్తి ఏమైందో మేం అడగలేదు

పోస్టు కొంచెం పొడవు. హాస్టల్లో రాత్రి భోజనం అయ్యాక మూడు రోజులు కూర్చుని రాశాను. ఓపిగ్గా చదవండి. ఇది స్కాలర్‌షిప్ గురించి కాదు, నోటిఫికేషన్ గురించి కాదు. కడుపులో ఉండే ఒక చిన్న తిత్తి గురించి.

మాది సోమశిల దగ్గర యానాది కాలనీ. మా నాయన డ్యాం వెనక నీళ్ళలో చేపలు పడతాడు. మా ఇంట్లో పదో తరగతి దాటింది నేనే మొదలు. ఇప్పుడు నెల్లూరులో ఎస్టీ హాస్టల్లో ఉండి బీఎస్సీ ఎంఎల్‌టీ రెండో సంవత్సరం చదువుతున్నా. అంటే ల్యాబ్ టెక్నీషియన్ చదువు. డాక్టర్ని కాదు. నా క్లాసులో నేర్చుకున్నదీ, మా ఇంట్లో జరిగిందీ కలిపి రాస్తున్నా.

చేప కడిగే ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఈ తిత్తి కొత్త కాదు. చేపని చీల్చేటప్పుడు కార్జం పక్కన ఆకుపచ్చగా ఉండే చేదు ఉంటుంది చూడండి, అది. అది పగిలిందా, కూరంతా చేదు. చిన్నప్పుడు మాయమ్మ కత్తి నా చేతికిచ్చిన రోజే చెప్పింది, "మొదట చేదు తీసి పక్కన పడెయ్, తర్వాత మిగతాది" అని. మనిషిలో కూడా అదే. కార్జం కింద, కుడి పక్కన ఉంటుంది. పుస్తకాల్లో పిత్తాశయం అంటారు, ఆసుపత్రిలో గాల్ బ్లాడర్ అంటారు. కార్జంలో తయారైన పైత్యరసాన్ని దాచిపెట్టి, నూనె పదార్థం తిన్నప్పుడు పేగులోకి వదులుతుంది. ఆ రసం గడ్డకట్టి రాళ్ళవుతాయి. ఆడవాళ్ళలో ఎక్కువ.

మా పెద్దమ్మకి అట్టానే రాళ్ళు వచ్చాయి.

నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు సంగతి. తిన్నాక కుడి డొక్కలో నొప్పి, వీపులోకి పోటు. రెండేళ్ళు "గ్యాస్" అనుకున్నాం. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సూది, గ్యాస్ గోలీలు. వాంతులు ఆగకపోతే ఆత్మకూరు తీసుకుపోయి స్కానింగ్ చేయిస్తే తిత్తి నిండా రాళ్ళు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కార్డు మీద లాప్రోస్కోపీ చేశారు. ఆసుపత్రి పేరు రాయను. ఒక ఆసుపత్రి మీద కోపం తీర్చుకోవడానికి కాదు ఈ పోస్టు. ఆపరేషన్ అయ్యాక మా పెదనాయన్ని పిలిచి, చిన్న ప్లాస్టిక్ డబ్బాలో రాళ్ళు చూపించి చేతిలో పెట్టారు. పదిహేడు రాళ్ళు. ఇంటికి తెచ్చి అందరికీ చూపించాం. కాలనీ అంతా వచ్చి లెక్కపెట్టి పోయారు. ఆ డబ్బా ఇంకా మా పెద్దమ్మ ఇంట్లో అటక మీద ఉంది.

మరి రాళ్ళు ఉన్న ఆ తిత్తి ఏమైంది? ఎవరూ చెప్పలేదు. మేం అడగలేదు. అడగాలని కూడా తెలియదు.

తొమ్మిది నెలలకి కళ్ళు పచ్చబడ్డాయి. ఒళ్ళంతా దురద. కామెర్లని ఆకుమందు పోయించాం, పథ్యం పెట్టాం. ఆకుమందు మన చేతిలో విద్యే, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఇది ఆకుమందుకి లొంగే కామెర్లు కాదు, పైత్యం పారే దారే మూసుకుపోయిన కామెర్లు. పెద్దాసుపత్రికి పోతే అక్కడ డాక్టరమ్మ ఫైలు తిరగేసి ఒకటే ప్రశ్న అడిగింది. "తీసిన గాల్ బ్లాడర్ బయాప్సీ రిపోర్టు ఏదీ?"

మా దగ్గర లేదు. మా పెదనాయన మళ్ళీ మొదటి ఆసుపత్రికి పోయి అడిగాడు. "రాళ్ళే గదా, పంపలేదు" అన్నారు. పెద్దాసుపత్రిలో సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తే పిత్తాశయ క్యాన్సర్ అని తేలింది. అప్పటికే కార్జంలోకి పాకింది. మూడు నెలలు కూడా ఉండలేదు మా పెద్దమ్మ.

ముందే తెలిసుంటే ఆమె బతికేదని నేను చెప్పను. అట్టా చెప్పడం అబద్ధం అవుతుంది. కానీ తెలుసుకునే అవకాశం ఒకటి మా చేతికి వచ్చింది. అది చెత్తబుట్టలోకి పోయింది. రాళ్ళు మాత్రం భద్రంగా దాచుకున్నాం.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న మాట. గాల్ బ్లాడర్ తీసేస్తే ఆ తిత్తిని పాథాలజీ పరీక్షకి పంపాలి. ఆ రిపోర్టు పేషెంటు చేతికి రావాలి. ఇది డాక్టరుకి గుర్తుంటే చేసేది కాదు, మనం అడిగి చేయించుకోవాల్సింది. ఎందుకో చెప్తా.

రాళ్ళు ఉన్న అందరికీ క్యాన్సర్ రాదు. ఇది మొదట మనసులో పెట్టుకోండి. రాళ్ళున్నాయని రిపోర్టు వచ్చిన వాళ్ళు ఈ పోస్టు చదివి నిద్ర మానుకోవద్దు. రాళ్ళ కోసం తీసిన తిత్తుల్లో నూటికి ఒకటో, అంతకంటే తక్కువో క్యాన్సర్ బయటపడుతుంది. కానీ తిరగేసి చూస్తే, పిత్తాశయ క్యాన్సర్ వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి రాళ్ళు ఉంటాయి. రాయి ఏళ్ళ తరబడి లోపలి పొరని రాస్తా ఉంటుంది. పొర వాస్తా ఉంటుంది, మానతా ఉంటుంది. అట్టా మాని మాని ఒకరోజు పొర తన రూపం మార్చుకుంటుంది, పేగు పొరలాగానో పొట్ట పొరలాగానో తయారవుతుంది. దాన్ని మెటాప్లాసియా అంటారు. ఆ తర్వాత కణాలు వరస తప్పుతాయి, దాన్ని డిస్‌ప్లాసియా అంటారు. అందులో తక్కువ స్థాయి, ఎక్కువ స్థాయి ఉంటాయి. ఎక్కువ స్థాయి దాటితే క్యాన్సర్. ఈ ప్రయాణానికి పదీ పదిహేనేళ్ళు పట్టొచ్చని అంచనా. అంటే మధ్యలో పట్టుకోవడానికి టైము ఉంది.

కానీ ఒక చిక్కు. ఈ మధ్య దశలు కంటికి కనపడవు. స్కానింగులో కనపడవు. సర్జన్ తిత్తిని కోసి చూసినా, వాచిన పొరలాగే ఉంటుంది. మైక్రోస్కోపు కిందే తెలుస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. పేగు గోడలో ఉండేటన్ని పొరలు ఈ తిత్తి గోడలో ఉండవు. గోడ పల్చన. పక్కనే కార్జం. కాబట్టి ఒకసారి గోడ దాటితే చాలా తొందరగా పాకుతుంది.

ఇప్పుడు ల్యాబులో ఏం జరుగుతుందో చెప్తా, ఎందుకంటే ఇది నా పని. తిత్తిని తీసిన వెంటనే ఫార్మలిన్‌లో వెయ్యాలి. ఫార్మలిన్ కణాల్ని ఉన్నవి ఉన్నట్టు నిలబెడుతుంది. ఉత్త డబ్బాలో పెట్టి మరుసటి రోజు పంపితే కుళ్ళిపోతుంది, చేప వలలో ఉండిపోయినట్టే. తర్వాత ముక్కలు కోసి, నీళ్ళు తీసేసి, కరిగిన పారఫిన్ మైనంలో బిగిస్తాం. దాన్నే బ్లాక్ అంటాం. ఆ బ్లాక్‌ని మైక్రోటోమ్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోస్తాం. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు అనుకోండి. ఆ పొరని గోరువెచ్చని నీళ్ళ మీద తేలేసి స్లైడు మీదకి ఎత్తి రంగు వేస్తాం. హెమటాక్సిలిన్ అనే రంగుతో కణం నడుమ ఉండే కేంద్రకం నీలంగా, ఇయోసిన్‌తో మిగతాది గులాబీగా వస్తుంది. నూటికి తొంభై పైన కేసులు ఈ రెండు రంగులతోనే పాథాలజిస్టు తేల్చేస్తారు.

మిగిలిన కొన్ని కేసుల్లో అనుమానం వస్తుంది. బాగా వాచిన పొరలో కణాలు పెద్దవయ్యి, ముదురు రంగులో, డిస్‌ప్లాసియా లాగే కనపడతాయి. అది ఉత్త వాపా, ముందు ముందు క్యాన్సర్ అయ్యే మార్పా? ఇక్కడ వస్తాయి టిష్యూ మార్కర్లు. ఒక ప్రొటీన్‌కే అతుక్కునే యాంటీబాడీని స్లైడు మీద వేస్తారు. ఆ ప్రొటీన్ ఉన్న చోట గోధుమ రంగు వస్తుంది. దీన్ని ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అంటారు. నోరు తిరక్కపోతే ఐహెచ్‌సీ అనండి, ల్యాబులో మేం అదే అంటాం.

ఇందులో ముఖ్యమైనవి నాలుగు చెప్తా.

పీ53. దీన్ని 1979లో కనుక్కున్నారు. కణం డీఎన్‌ఏ దెబ్బతింటే "ఆగు, బాగుచేసుకుని కదులు" అని ఆపే కాపలాదారు ఇది. మామూలు కణాల్లో అక్కడక్కడా లేతగా రంగు వస్తుంది. కాపలాదారే చెడిపోతే ఆ పాడైన ప్రొటీన్ పోగుపడి కేంద్రకాలన్నీ ముదురు గోధుమ రంగులోకి మారతాయి, లేదా అసలు ఒక్కదాంట్లో కూడా రంగు రాదు. పిత్తాశయంలో ఈ మార్పు క్యాన్సర్ కంటే ముందే, డిస్‌ప్లాసియా దశలోనే మొదలవుతుంది. అందుకే దీనికి అంత విలువ.

కేఐ-67. విభజన చెందుతున్న కణాల్లోనే ఇది ఉంటుంది. 1983లో జర్మనీలో కీల్ ఊళ్ళో కనుక్కున్నారు, ఆ ఊరి పేరులో మొదటి రెండక్షరాలే దీనికి పెట్టారు. నూటికి ఎన్ని కణాలు రంగు తేలాయో లెక్కపెడతారు. మామూలు పొరలో చాలా తక్కువ, డిస్‌ప్లాసియాలో ఎక్కువ, క్యాన్సర్లో ఇంకా ఎక్కువ. కానీ వాపు ఉన్నా కొంత పెరుగుతుంది. కాబట్టి ఇది ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు.

సీఈఏ. మామూలుగా కణం పైఅంచున సన్నగా గీతలాగా వస్తుంది. క్యాన్సర్లో కణం లోపలంతా పరుచుకుంటుంది.

హెర్‌2. ఇది గుర్తుపట్టడానికంటే మందు ఎంచుకోవడానికి. పిత్తాశయ క్యాన్సర్లలో కొన్నింట్లో ఈ ప్రొటీన్ ఎక్కువ ఉంటుంది. దాని మీద పనిచేసే మందులు ఉన్నాయి. 2024 నవంబరులో జానిడాటమాబ్ అనే మందుకి, హెర్‌2 ఎక్కువగా ఉన్న పైత్యనాళ, పిత్తాశయ క్యాన్సర్లకి, అమెరికాలో అనుమతి ఇచ్చారు. ఆ మందు మన కాలనీ దాకా ఎప్పుడొస్తుంది అనేది వేరే పోరాటం. కానీ రేపు వచ్చినా, హెర్‌2 ఉందో లేదో చూడాలంటే ముక్క ఉండాలి గదా.

మైనపు బ్లాక్ ఏళ్ళ తరబడి చెడదు. ఇవ్వాళ మార్కర్ చేయించే డబ్బులు లేకపోయినా, బ్లాక్ ఉంటే ఆర్నెల్ల తర్వాత ఇంకో పెద్ద ల్యాబుకి తీసుకుపోయి చేయించుకోవచ్చు. బ్లాక్ లేకపోతే ప్రపంచంలో ఎంత గొప్ప మార్కర్ ఉన్నా మనకి పనికిరాదు. మార్కర్ల గురించి క్లాసులో విన్నరోజు నాకు ఇదే అనిపించింది. మా సారు బోర్డు మీద పీ53 అని రాస్తా ఉంటే నేను మా అటక మీది రాళ్ళ డబ్బా గురించి ఆలోచిస్తా ఉన్నా.

రిపోర్టు వస్తే ఏం చేస్తారు అని కూడా అడగొచ్చు. అదీ చెప్తా. క్యాన్సర్ పై పొరలోనే ఆగి ఉంటే, దాన్ని టీ1ఏ అంటారు, తిత్తి తీసెయ్యడమే వైద్యం అయిపోయినట్టు. దాదాపు అందరూ బాగుంటారు. కండపొరలోకి దిగి ఉంటే టీ1బీ. అక్కడి నుంచి పైన మళ్ళీ ఆపరేషన్ చేసి తిత్తి అంటుకుని ఉన్న కార్జం భాగం, చుట్టూ ఉన్న లింఫు గ్రంథులు తియ్యాలని సలహా ఇస్తారు. ఈ రెండో ఆపరేషన్‌కి కొన్ని వారాల టైమే ఉంటుంది. రిపోర్టు ఆసుపత్రి బీరువాలో ఉండి, మనం సోమశిలలో ఉంటే ఆ వారాలు గడిచిపోతాయి. పరీక్షకి పంపడం ఒక సగం, రిపోర్టు తెచ్చుకోవడం ఇంకో సగం. కుట్లు విప్పించుకున్నాక మళ్ళీ పోవడం మన వాళ్ళలో తక్కువ. కూలి పోతుంది, బస్సు చార్జీ దండగ అనుకుంటాం. ఆ ఒక్క రోజు కూలి పోనియ్యండి.

దీనికి ఎదురు వాదన కూడా ఉంది, దాచడం న్యాయం కాదు. నెదర్లాండ్స్ లాంటి దేశాల్లో చాలా ఆసుపత్రులు అన్ని తిత్తుల్నీ పంపడం మానేశాయి. సర్జన్ కోసి చూసి, చేత్తో తడిమి, అనుమానం ఉన్నవే పంపుతారు. వందలు పరీక్షిస్తే ఒకటి దొరుకుతుంది, అంత ఖర్చు ఎందుకు అని వాళ్ళ లెక్క. మన దేశంలో కూడా పిత్తాశయ క్యాన్సర్ ఎక్కువ ఉండేది గంగానది ఒడ్డు రాష్ట్రాల్లో, అస్సాంలో. ఉత్తరప్రదేశ్, బీహార్, ఢిల్లీతో పోలిస్తే మన దక్షిణాదిన తక్కువే. మరి మనకెందుకు ఇంత గోల అని ఎవరైనా అడగొచ్చు.

నా జవాబు ఇది. ఆ దేశంలో మనిషికి నొప్పి వచ్చిన నెలకే స్కాన్ అవుతుంది. ఫ్యామిలీ డాక్టరు ఉంటాడు, ఆపరేషన్ తర్వాత కూడా చూస్తాడు. మనవాళ్ళు రెండేళ్ళు గ్యాస్ గోలీలు మింగి, రాయి రాసి రాసి పొర పాడైపోయాక ఆసుపత్రికి పోతారు. ఆపరేషన్ తర్వాత మళ్ళీ డాక్టరు మొహం చూడరు. వాళ్ళకి పది తలుపులు ఉన్నాయి, ఒకటి మూసినా పర్లేదు. మనకి ఉన్నది ఈ ఒక్క తలుపు. ఇంకోటి, "కోసి చూసి అనుమానం ఉంటే పంపుతాం" అనాలంటే నిజంగా కోసి చూడాలి, చూసినట్టు కేస్‌షీట్‌లో రాయాలి. రాళ్ళు ఏరి డబ్బాలో వేసి తిత్తి పారెయ్యడం ఆ పద్ధతి కాదు.

మనలాంటి వాళ్ళ కథ ఒకటి దక్షిణ అమెరికాలో ఉంది, అది చెప్పకుండా ఈ పోస్టు ముగించలేను. చిలీ దేశంలో మపూచే అనే ఆదివాసీ జాతి ఉంది. ప్రపంచంలో పిత్తాశయ క్యాన్సర్ అత్యంత ఎక్కువ ఉన్నవాళ్ళలో ఆ జాతి ఆడవాళ్ళు ఉన్నారు. ఇది ఎట్టా తెలిసింది? అక్కడి డాక్టర్లు ఏళ్ళ తరబడి తీసిన తిత్తుల్ని పరీక్షించారు, లెక్క రాశారు, మపూచే వాళ్ళలో ఎంత, మిగతావాళ్ళలో ఎంత అని విడదీసి చూశారు. ముందు చెప్పిన డిస్‌ప్లాసియా మెట్లు, వాటిలో పీ53 లాంటి మార్పులు, వీటి గురించి ప్రపంచానికి తెలిసినదాంట్లో మంచి భాగం ఆ తిత్తుల్లోంచే వచ్చింది. ఆ లెక్క చూపించాక ప్రభుత్వం కదిలింది. 2006 నుంచి, నొప్పి ఉన్న రాళ్ళతో 35 నుంచి 49 ఏళ్ళ మధ్య ఉన్నవాళ్ళకి ఆపరేషన్ చెయ్యడం చట్టం ఇచ్చే హామీల్లో ఒకటి అయ్యింది.

మన దగ్గర క్యాన్సర్ రిజిస్ట్రీ పథకం 1981లోనే మొదలైంది. దాని నివేదికలు నగరాల వారీగా, జిల్లాల వారీగా వస్తాయి. యానాదుల్లో ఎంత, ఎరుకల్లో ఎంత, సుగాలీల్లో ఎంత అని గడి ఉండదు. 2011 జనాభా లెక్కల్లో యానాదులమే అయిదు లక్షల పైచిలుకు. పైగా రిజిస్ట్రీలోకి పేరు ఎక్కాలంటే ఎక్కువగా పాథాలజీ రిపోర్టే ఆధారం. రిపోర్టు లేకుండా "కామెర్లతో పోయింది" అని పోయినవాళ్ళు ఏ లెక్కలోకి వస్తారు? మన దగ్గర ఈ జబ్బు తక్కువ అని చెప్పడానికి ముందు మన తిత్తుల్ని చూడండి అంటున్నా. చూశాక తక్కువే అని తేలితే మనందరికంటే సంతోషపడేవాళ్ళు ఎవరు?

సరే, ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ ఉంటే మనం చెయ్యాల్సింది:

1. ఆపరేషన్‌కి ముందే అడగండి: "తీసిన గాల్ బ్లాడర్ బయాప్సీకి పంపుతారా సార్?" కొన్ని చోట్ల దాన్ని హెచ్‌పీఈ అంటారు. కార్డు మీద చేస్తుంటే ఆ ఖర్చు అందులోనే ఉందా, బయట కట్టాలా అని డెస్క్ దగ్గర ఆరోగ్యమిత్రని అడగండి.

2. ఆపరేషన్ అయ్యాక రాళ్ళు చూపిస్తే చూడండి, కానీ తిత్తి ఫార్మలిన్‌లో వేశారా అని అడగండి. బయట ల్యాబుకి మీరే తీసుకుపోవాల్సి వస్తే డబ్బా మీద పేరు, వయసు, తేదీ సరిగ్గా ఉన్నాయో చదవండి. చదువుకున్న మనం అక్కడ ఉండాల్సింది అందుకే.

3. డిశ్చార్జి కాగితంలో "బయాప్సీ పంపబడింది" అని, రిపోర్టు ఎప్పుడొస్తుందో తేదీ రాయించుకోండి. ఆ తేదీకి పోయి తెచ్చుకోండి. రాలేనివాళ్ళు ఉంటే నెల్లూరు హాస్టళ్ళలో ఉన్న మనం పోయి తెద్దాం.

4. రిపోర్టులో డిస్‌ప్లాసియా, కార్సినోమా, అటిపియా అనే మాటలు ఏవి ఉన్నా ఆలస్యం చెయ్యకుండా సర్జన్‌ని కలవండి. మార్కర్లు చెయ్యాలా వద్దా అనేది పాథాలజిస్టు చెప్తారు. బ్లాకు, స్లైడ్లు అడిగి తీసుకుని వేరే చోట రెండో అభిప్రాయం తీసుకోవచ్చు.

5. "క్యాన్సర్ మార్కర్ ప్యాకేజీ" అని రక్తపరీక్షలు అంటగట్టేవాళ్ళతో జాగ్రత్త. రక్తంలో చూసే సీఏ 19-9 వేరు, తిత్తి ముక్కలో చూసే మార్కర్లు వేరు. సీఏ 19-9 ఉత్త కామెర్లకి కూడా పెరుగుతుంది. అది చూసి భయపడొద్దు, అది బాగుందని ధైర్యపడొద్దు.

ఇక అడగాల్సిన చోట అడగడం. నెల్లూరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, పాథాలజీ విభాగం ఉంది. ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఎక్కడ తిత్తి తీసినా ఆ ముక్క అక్కడికి చేరే ఏర్పాటు, రిపోర్టు ఫోన్లో పేషెంటుకి చేరే ఏర్పాటు కావాలి. ఫార్మలిన్ డబ్బా, ఒక ఫారం, వారానికి రెండుసార్లు తిరిగే మనిషి, ఇంతే. కార్డు మీద ఆపరేషన్ చేసే ఆసుపత్రి బిల్లు పెట్టేటప్పుడు బయాప్సీ రిపోర్టు కూడా జత చెయ్యాలి అని ఒక్క నిబంధన పెడితే చాలు, ఎవరూ మర్చిపోరు. వచ్చే నెల మనం ఐటీడీఏ ఆఫీసులో ఇచ్చే వినతిపత్రంలో హాస్టల్ మెస్ బిల్లులతో పాటు ఈ ఒక్క పాయింటు కూడా చేర్చాలని నా విన్నపం. మెస్ బిల్లు ముఖ్యం కాదని కాదు. రెండూ మన కడుపు సంగతే.

మొన్న పండక్కి ఇంటికి పోయినప్పుడు మా పెదనాయన ఆ రాళ్ళ డబ్బా దించి నా చేతిలో పెట్టాడు. "నువ్వు ల్యాబు చదువుతున్నావు గదమ్మా, వీటిలో ఏమన్నా తెలుస్తుందా?" అని అడిగాడు. రాళ్ళలో ఏమీ తెలియదు పెదనాయనా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కాసేపు చేతిలో పట్టుకుని మళ్ళీ అటక మీద పెట్టాను.

మీ ఇంట్లో అట్టాంటి డబ్బా ఉంటే, రిపోర్టు ఉందో లేదో ఇవ్వాళే ఫోన్ చేసి కనుక్కోండి. ఆపరేషన్ ఈ మధ్యే అయ్యుంటే ఆసుపత్రికి పోయి అడగండి. నేను రాసిందాంట్లో తప్పులుంటే మన గ్రూపులో నర్సింగ్, మెడిసిన్ చదివే అక్కలు, అన్నలు సరిచెయ్యండి, దిద్దుకుంటా.